మార్చి ముప్పై ఒకటిలోపు ఇప్పపువ్వు

నన్ను మంచినీళ్ల సీసాలు తెచ్చిపెట్టమన్న మనిషినే, ఆ తర్వాత పావుగంటకు, నాకు మెంటర్‌గా ఇచ్చారు.

హైదరాబాదులో శిక్షణ మొదటి రోజు అది. యూనివర్సిటీల్లో చేసిన పరిశోధనను బజారులో అమ్ముడుపోయే వస్తువుగా మార్చడానికి డబ్బూ సలహా రెండూ ఇచ్చే పథకం. డబ్బు రెండు విడతలుగా వస్తుంది. సలహా కోసం పరిశ్రమలో తలపండిన ఒకరిని జతచేస్తారు. ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాళ్లు లేక నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఆయన లోపలికి వస్తూ, "ఈ టేబుల్ మీద వాటర్ బాటిల్స్ లేవమ్మా, కొంచెం చూడు" అన్నాడు. వెళ్లి తెచ్చాను. ఎందుకు తెచ్చానో ఇప్పటికీ తెలియదు. తర్వాత పేర్లు పిలిచారు. నేను వెళ్లి ఆయన ఎదుటి కుర్చీలో కూర్చుంటే, "ఓ, సైంటిస్టువి నువ్వేనా" అని నవ్వాడు. పక్కవాళ్లకూ చెప్పి నవ్వించాడు. సారీ మాత్రం అనలేదు.

మా నాన్న పాల్వంచ కరెంటు ప్లాంటులో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసినవాడు. ఈ సంగతి చెబితే, "నీకు దేవుడు యాది పెట్టుకునే తెలివి ఇచ్చిండు గని ఇడిసిపెట్టే తెలివి ఇయ్యలే" అన్నాడు. నిజమే కావచ్చు. మాకు అపరాధం చేసినవాళ్లను క్షమిస్తున్నాం అని ప్రతి ఆదివారం చర్చిలో అందరితో పాటు అంటాను. అంటుండగానే ఒక్కొక్క ముఖమే కళ్ల ముందుకు వచ్చి నిలబడుతుంది.

నేను చేసిన పని ఏమిటో చెప్పాలి. భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు అడవి అంచు గూడేల్లో వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. ఆడవాళ్లు ముందుగానే చెట్టు కింద ఎండుటాకులు కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు. తెల్లవారుజామున పువ్వు ఆ మసి మీదే పడుతుంది. లేత పసుపు రంగులో, ద్రాక్షపండంత, నిండా తీపి రసంతో ఉంటుంది. దేని మీద పడితే దాన్ని అంటించుకుంటుంది. ఏరి తెచ్చి వాకిట్లోనో బండ మీదో నాలుగైదు రోజులు ఆరబోస్తారు. దుమ్ము, కోళ్లు, మేకలు, ఉన్నట్టుండి కమ్మే మబ్బు. ఎండేసరికి నల్లబడి బూజు వాసన వేస్తుంది. కొనేవాడు వేళ్లతో నలిపి, ఇది సారాకు తప్ప పనికిరాదని చెప్పి, సారా ధరే ఇస్తాడు. అదే పువ్వు శుభ్రంగా, బంగారు రంగు పోకుండా ఎండితే లడ్డూలకూ బిస్కెట్లకూ కొనేవాళ్లు ఉన్నారు. ఎంత వేడిలో, ఎంత గాలిలో ఎండబెడితే రంగూ తీపీ పోవో తేల్చడమే నా పిహెచ్‌డీ.

పేపర్ అచ్చయిన రోజు నేను మిషను సంగతి ఎత్తితే మా గైడ్, "డిగ్రీ వస్తోంది కదమ్మా, ఇంకేం కావాలి? మిషన్లు చేసేది మనం కాదు" అన్నాడు. అదీ గుర్తుంది.

ఆ నాలుగు సీజన్లూ నా శాంపిళ్లన్నీ ఒకే గూడెంలో ఒకే మనిషి దగ్గర నుంచి వచ్చాయి. ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తాను. నాతో తెలుగులో, కోడలితో కోయలో మాట్లాడేది. మధ్యలో కోడలు నవ్వితే, "నన్ను తిడుతున్నవా పెద్దమ్మా" అని అడిగేదాన్ని. "అవ్, తిట్టిన. నీకు రాదుగదా, ఏం నొస్తది" అనేది. పట్టా వచ్చాక స్వీట్లు తీసుకుని వెళ్తే ఒకటి నోట్లో వేసుకుని, "నాలుగేండ్ల సంది మా పువ్వు పట్టుకపోయినవ్. నీకు సర్టిఫికెట్ వచ్చింది. మాకేమొచ్చింది బిడ్డా?" అంది.

నా జీవితంలో నన్ను అన్న మాటల్లో నాకు కోపం రాని మాట అదొక్కటే. వచ్చే పువ్వుకు మిషను తెస్తానని ఆ అరుగు మీదే మాట ఇచ్చాను. పథకానికి అర్జీ పెట్టింది ఆ మాట కోసం.

యూనివర్సిటీ ఖాతాలో పడిన మొదటి విడత డబ్బుతో, యూనివర్సిటీ ఆస్తిగానే, ఒక మిషను తయారైంది. ఎండ వేడితో గాలిని వెచ్చబరిచి, చిన్న ఫ్యానుతో జల్లెడ ట్రేల మధ్య తిప్పుతుంది. కరెంటు పోయినా సోలార్ పలకతో నడుస్తుంది. రెండో విడత వస్తే చుట్టుపక్కల గూడేలకు ఇంకో ఐదు మిషన్లు, పువ్వును ప్యాకెట్లు చేసి అమ్మడానికి ఆడవాళ్ల సంఘానికి పెట్టుబడి. అది రావాలంటే కమిటీ గూడెం వచ్చి మిషను నడవడం కళ్లారా చూడాలి. అదీ మార్చి ముప్పై ఒకటిలోపు. ఆ తేదీ దాటితే డబ్బు వెనక్కి పోతుంది.

మెంటర్ పదిహేను రోజులకోసారి వీడియో కాల్‌లో కనిపించేవాడు. ఒకప్పుడు చిరుతిళ్ల కంపెనీ నడిపి అమ్మేసిన మనిషి. నా మిషనుకు బీరువా అని పేరు పెట్టాడు. "ఎలా ఉందమ్మా నీ బీరువా?" అనేది మొదటి మాట. ఇప్పపువ్వు పక్కన పెట్టి పుట్టగొడుగులు, కివీ ముక్కలు ఎండబెట్టమనేవాడు. ఇప్పపువ్వంటే పెట్టుబడి పెట్టేవాడికి సారా గుర్తొస్తుందనేవాడు. నేను మాట్లాడుతుంటే ఫోన్ చూసుకునేవాడు. ఆయన కళ్లద్దాల్లో ఫోన్ వెలుగు కనిపించేది. అయినా న్యాయం చెప్పాలి, ఒక్కటి మంచి మాట చెప్పాడు. ట్రేలు నా ఎత్తుకు కాదు, వాడే ఆడవాళ్ల ఎత్తుకు పెట్టించమన్నాడు. పెట్టించాను, బాగా కుదిరింది. "ఇంత చిన్న సంగతి మీ పిహెచ్‌డీలో నేర్పలేదా" అని దానికి తోక తగిలించకుండా ఉంటే ఈపాటికి ఆయన్ను సగం క్షమించి ఉండేదాన్ని.

కమిటీ వచ్చే తేదీ మార్చి చివరి వారంలో అని ఆయనే ఖాయం చేశాడు. నేను అప్పటికి రెండుసార్లు మెయిల్ పెట్టాను, పువ్వు ఇంకా సరిగా రాలడం లేదని. మూడోసారి ఫోన్‌లో చెప్పాను.

"సార్, ఏప్రిల్ మొదటి వారం అడుగుదాం. పది రోజులే తేడా."

"ఏప్రిల్ అంటే వేరే ఫైనాన్షియల్ ఇయర్ అమ్మా."

"చెట్టుకు ఫైనాన్షియల్ ఇయర్ తెలియదు కదా సార్."

"అయితే చెట్లకు ఒక మెయిల్ పెట్టు. మమ్మల్ని కాపీలో పెట్టు" అని గట్టిగా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "కమిటీ నలుగురినీ అంత దూరం ఒప్పించిందే రామయ్య దర్శనం కూడా అవుతుందని చెప్పి. మళ్లీ మళ్లీ రారు. ఏదో ఒకటి చెయ్" అన్నాడు.

మిషనును ట్రాలీ ఆటోలో గూడెం చేర్చి పెద్దమ్మ ఇంటి పక్కన దించాను. గూడెం చివర రెండు చెట్లు అప్పటికే ముందుగా పూత రాల్చడం మొదలుపెట్టాయి. కింద నేల పసుపుగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మిషను నింపడానికి ఆ రెండు చెట్ల పువ్వు చాలు. గంప తెమ్మన్నాను.

పెద్దమ్మ కదల్లేదు. "మా ఊర్ల ఇప్పపువ్వు పండుగ కాలే. పండుగ కాంది పువ్వు ముట్టం."

ఇది నాకు తెలియని సంగతి కాదు. నాలుగేళ్లూ నేను పండుగ అయ్యాకే వెళ్లాను, శాంపిళ్లు ఎప్పుడూ తర్వాతే తీసుకున్నాను. అందుకే దాన్ని పట్టించుకునే అవసరం ఎన్నడూ పడలేదు. పండుగ రోజును పూజారీ ఊరిపెద్దా కూర్చుని చెబుతారు. ఇంకా చెప్పలేదు.

"తినడానికి కాదు పెద్దమ్మా. ఊరికే ఎండబెట్టి చూపించడానికి."

"ఎండబెట్టుడు ముట్టుడు గాదా?"

"పండుగే ఈ వారంలో పెట్టుకోమని అడుగుదామా? నేను మాట్లాడతా."

"మీ సార్లు వస్తున్నరని మీరు క్రిస్మస్ నవంబర్ల చేస్కుంటరా?"

కోడలు నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వుకునే స్థితిలో లేను. చెట్టు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లి నిలబడ్డాను. నా కాళ్ల దగ్గర రెండు మూడు గంపల పువ్వు పడి ఉంది, చీమలు తింటున్నాయి. వంగితే చాలు. వంగలేదు. ఆ మంచితనానికి నన్ను మెచ్చుకోవద్దు, ఎందుకంటే ఆ తర్వాత చేసింది ఆ పువ్వు ఏరడంకంటే అన్యాయం.

భద్రాచలం వెళ్లి ఒక చిల్లర వ్యాపారి దగ్గర నిరుటి ఎండుపువ్వు రెండు బస్తాలు కొన్నాను. గూడెం తెచ్చి రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నీళ్లు పోసి నానబెట్టాను. నానితే పువ్వు ఉబ్బుతుంది, రంగు నల్లబడి ఉన్నా దూరం నుంచి చూసేవాళ్లకు పచ్చిపువ్వులాగే ఉంటుంది. రాత్రికి నానితే తెల్లారి మిషనులో పెట్టొచ్చని లెక్క వేసుకున్నాను. నేను చేస్తున్నది పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చూసింది.

మర్నాడు పొద్దున కమిటీ భద్రాచలం వచ్చింది, గూడెం రాలేదు. ప్రయాణం బడలిక, దర్శనం, తర్వాత ఎండ. రేపు ఉదయం వస్తామని మెంటర్ ఫోన్ చేశాడు. నేను డ్రమ్ముల్లో నీళ్లు వంచేశాను, పువ్వును తడిగుడ్డ మీద పరిచాను, నీడకు జరిపాను. మార్చి చివరి ఎండ అది. సాయంత్రానికి వాసన మొదలైంది. తీపి, నీళ్లు, వేడి కలిస్తే ఏమవుతుందో నాలుగేళ్లు చదివినదాన్ని, నాకు తెలియదని ఎలా అంటాను? తెల్లవారి రెండుసార్లు కడిగాను. వెచ్చటి గాలి తగిలితే వాసన పోతుందేమోనని ట్రేల్లో సర్దాను.

పోలేదు. ఫ్యాను ఆ వాసనను గూడెం మొత్తానికీ పంచింది.

కమిటీలో నలుగురు. ముగ్గురు మగవాళ్లు, ఒక పెద్దావిడ. మెంటర్ ముందు నడిచాడు. చుట్టూ గూడెం ఆడవాళ్లు, ఊరిపెద్ద, పూజారి. నేను మిషను తలుపు తీశాను. ఒకాయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇది డ్రయ్యరా, సారా బట్టీయా?" అన్నాడు. పక్కాయన, "దర్శనం చేసుకుని వచ్చాం మేడమ్, ఇప్పుడు ఇదేంటి" అన్నాడు. మెంటర్ నవ్వాడు. అందరికంటే ముందు నవ్వింది ఆయనే. నా పక్షాన కూర్చోవడానికి పథకం పంపిన మనిషి.

నేను వేడి గురించీ గాలి వేగం గురించీ చెబుతూనే ఉన్నాను. అప్పుడు ఆ పెద్దావిడ, నిజం చెప్పాలంటే అంతమందిలో శ్రద్ధగా విన్నది ఆమె ఒక్కతే, నన్ను ఆపి పెద్దమ్మ వైపు తిరిగింది. "ఈ పువ్వు మీరే ఏరారా అమ్మా?"

వాళ్లు గూడెంవాళ్లను ఏదైనా అడుగుతారని నాకు తట్టనే లేదు.

పెద్దమ్మ ఊరిపెద్ద వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. "మాది కాదమ్మా. ఇది కొన్న పువ్వు, నిరుటిది. మా పువ్వు మేమింకా ముట్టలే."

అవ్ అని ఉంటే పండుగ కాకముందే పువ్వు ముట్టినట్టు ఊరంతా విన్నట్టయ్యేది. ఊరికి తప్పు, అంటే జరిమానా, కట్టుకోవాలి. అది కట్టినా తీరదు, ఆ ఏడాది గూడెంలో ఏ పసిబిడ్డకు జ్వరమొచ్చినా అందరూ ఆమె గడప వైపే చూస్తారు. ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను. ఆ క్షణాన నాకు ఇవేమీ తోచలేదు. నన్ను నట్టేట ముంచిందని మాత్రమే అనుకున్నాను.

పెద్దావిడ నన్ను, "ముందే చెప్పొచ్చు కదా" అంది. అంతే. తిట్టలేదు. అది ఇంకా నొప్పి. పావుగంటలో కార్లు వెళ్లిపోయాయి. మెంటర్ ఎక్కుతూ, "బీరువా బాగానే ఉందమ్మా, బట్టలే తప్పు పెట్టావు" అన్నాడు.

నేను పెద్దమ్మ మీద విరుచుకుపడ్డాను. నీ కోసమే కదా ఇదంతా, ఒక్క మాట కలిపితే నీ సొమ్మేం పోయింది అన్నాను. ఆమె ట్రేలోని పువ్వు గుప్పెడు తీసి వాసన చూసి పక్కన పడేసింది. "డ్రమ్ముల పోసేనాడు నన్ను ఒక్క మాట అడగకపోతివి. అడిగితే ఒద్దంటుంటి" అంది. తర్వాత లోపలికి వెళ్లి నాకు అన్నం పెట్టింది. తినకుండా బస్సు ఎక్కాను. నేను చేసిన అవమానాలు కూడా నాకు గుర్తుంటాయి. అది అందులో ఒకటి.

కమిటీ రిపోర్టులో మూడు వాక్యాలు ఉన్నాయి. మిషను పనితనం తేల్చలేకపోయామనీ, చూపించిన సరుకు అసలుది కాదనీ, రెండో విడతకు సిఫారసు చేయడం లేదనీ. మొదటి వాక్యం మీద నేను ఇప్పటికీ పోట్లాడుతున్నాను. రెండో వాక్యం మీద పోట్లాడటానికి నాకు ఏమీ లేదు.

ఏప్రిల్ మొదటి వారంలో పండుగ అయింది. మర్నాడు నేను వెళ్లాను. వెళ్లడానికి సిగ్గుపడ్డాను, అయినా వెళ్లాను, మిషను అక్కడే ఉంది. తెల్లవారేసరికి గంపలు గంపలుగా పువ్వు వచ్చింది. ఈసారి ట్రేలు వాళ్లే నింపారు. వాళ్ల ఎత్తుకు సరిగ్గా సరిపోయాయి. రెండో రోజు సాయంత్రానికి మొదటి దఫా దిగింది. ఎండుద్రాక్ష రంగు. మసి లేదు, బూజు లేదు. పెద్దమ్మ కోడలు ఒకటి నమిలి ఇంకోటి తీసుకుంది. నాలుగు ప్యాకెట్లు కట్టి కమిటీకి, ఒకటి మెంటర్‌కు పోస్టు చేశాను, ఫోటోలతో, తేమ లెక్కలతో.

కమిటీ నుంచి ఏమీ రాలేదు. మెంటర్ ఫోన్ చేశాడు. "అద్భుతంగా ఉందమ్మా. మా మనవరాలు మొత్తం తినేసింది. కానీ ఫైలు క్లోజ్ అయింది."

ఆ తర్వాత ఐదో రోజు యూనివర్సిటీ బండి వచ్చింది. ప్రాజెక్టు ముగిసింది కాబట్టి మిషను స్టోర్స్‌కు అప్పగించాలి. ఇద్దరు మనుషులు, ఒక కాగితం. ట్రేల నిండా సగం ఎండిన పువ్వు ఉంది. రేపు రమ్మన్నాను. వాళ్లు పాపం, "మాకు ఆర్డర్ ఇయ్యాల్టిదే మేడమ్, మధ్యాహ్నం దాకా ఆగుతం" అన్నారు. గైడ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా ఫ్యాను తిరిగింది. తర్వాత ఒక్కొక్క ట్రే తీసి పువ్వును టార్పాలిన్ మీద ఆరబోశాం. దక్షిణం వైపు మబ్బు పట్టి ఉంది. బండి మీదకు ఎక్కించేటప్పుడు ఊరిపెద్ద కూడా ఒక చేయి వేశాడు. సాయంత్రం వాన పడింది. మేం పువ్వును లోపలికి మోసుకెళ్లేలోగా సగం తడిసింది. నాలుగు రోజుల తర్వాత వ్యాపారి వచ్చి వేళ్లతో నలిపి, సారా ధర చెప్పాడు. పెద్దమ్మ బేరం ఆడలేదు.

ఇప్పుడు నేను పాల్వంచలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. స్టోర్స్‌కు రాసిన అర్జీలకు జవాబు లేదు. మిషను మీద వేరే డిపార్ట్‌మెంటు పాత కంప్యూటర్లు పెట్టిందని ఒక స్నేహితురాలు చెప్పింది.

ఈ ఏడాది అదే పథకం మళ్లీ అర్జీలు పిలిచింది. పాతవాళ్లూ పెట్టుకోవచ్చు. మిషను తిరిగి బయటికి రావడానికి నాకు కనిపిస్తున్న దారి ఇదొక్కటే. ఫారం ఆన్‌లైన్‌లో ఉంది. అన్నీ నింపాను. ప్రదర్శన తేదీ అనే గడి దగ్గర ఆగిపోయాను. అది తేదీ మాత్రమే తీసుకుంటుంది, అదీ మార్చి చివరిలోపు. అక్షరాలు టైప్ చేస్తే ఎర్రబడుతుంది. గూడెం వెళ్లి ఊరిపెద్దను వచ్చే ఏడు పండుగ ఎప్పుడని అడిగాను. "పువ్వు రాలనీ, చెప్తం. ఇప్పుడే ఎట్ల చెప్తం?" అన్నాడు. పెద్దమ్మ పక్కనే ఉంది. "ఈసారి అడిగింది, నయం" అని కోడలితో తెలుగులోనే అంది.

మెంటర్‌కు ఫోన్ చేశాను. ఆయనే మళ్లీ మెంటర్ల జాబితాలో ఉన్నాడు. "ఏదో ఒక తేదీ పెట్టెయ్యమ్మా, తర్వాత చూసుకుందాం" అన్నాడు. పెట్టనన్నాను. "నీ మొండితనం నీకే నష్టం" అన్నాడు. నాకే అయితే ఎప్పుడో పెట్టేదాన్ని అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం వెళ్లదు. అందుకని మొత్తం ప్రింటు తీసి, ఆ గడిలో పెన్నుతో "పువ్వు రాలి, ఊరి పండుగ అయిన మర్నాటి నుంచి పది రోజుల్లో ఎప్పుడైనా" అని రాసి, పాత ప్రదర్శనలో నేను చేసిన తప్పు ఏమిటో ఒక పేజీ విడిగా రాసి జతచేసి, రిజిస్టర్ పోస్టులో పంపాను. కాగితం అర్జీలు తీసుకోరని నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. చదివాకే పంపాను. గడువు ఎల్లుండితో ముగుస్తుంది. కవరు చేరిందని పోస్టాఫీసు మెసేజ్ ఈ పొద్దున వచ్చింది. ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారో అందులో లేదు.